సాయం వరుసలో బాప్తిస్మం వద్దు: తీర జిల్లాల సంఘ నాయకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన బిషప్పులకు, పాస్టర్ల ఫెలోషిప్‌ల అధ్యక్షులకు, స్వతంత్ర సంఘాల కాపరులకు, టీవీలోనూ యూట్యూబ్‌లోనూ వాక్యం చెప్పే సేవకులకు, అమెరికాలోనూ గల్ఫ్‌లోనూ ఉన్న తెలుగు క్రైస్తవ సంఘాల పెద్దలకు,

వందనాలు. తుపాను వచ్చిన ప్రతిసారీ మొదట చేరుకునేవాళ్లలో మీ సంఘాల మనుషులు ఉంటారు. తీరంలో ఈ మాట కాదనేవాళ్లు లేరు. మెచ్చుకోలు ఇంతటితో ఆపి విషయానికి వస్తాం.

ఇందులో ఉన్నవన్నీ ఇంతకుముందు వినతులుగా ఇచ్చినవే, మీటింగుల్లో నోటితో చెప్పినవే. "ప్రార్థన చేస్తాం" అన్నారు. అంతకుమించి జవాబు లేదు. ఈలోగా మరో అక్టోబరు, మరో నవంబరు వచ్చేస్తాయి. అందుకే అందరి ముందూ పెడుతున్నాం.

వరదలో ఇల్లు పోయాకో, వేటకెళ్లిన మనిషి తిరిగి రాకపోయాకో చర్చి మెట్లెక్కేవాళ్లు ఉంటారు. అంతకుముందు ఎన్నడూ రానివాళ్లు కూడా వస్తారు. ఎందుకొస్తారంటే, అందరూ వెళ్లిపోయాక కూడా తలుపు తట్టి "తిన్నారా అమ్మా" అని అడిగినవాళ్లు ఆ సంఘం వాళ్లే అయి ఉంటారు. అలా పుట్టిన విశ్వాసాన్ని మేము తప్పుపట్టడం లేదు. సంతోషిస్తాం కూడా. ఆ విశ్వాసాన్ని తొందరపెట్టడం దగ్గరే మా పేచీ అంతా.

ఒంగోలు చరిత్ర మీకు మేము చెప్పాల్సిన పని లేదు. సండే స్కూలు పిల్లలు కూడా 2,222 అన్న అంకె చెబుతారు. ఆ అంకెకు ముందున్న పదిహేను నెలల మాట మాత్రం ఎవరూ ఎత్తరు. 1876-78 మధ్య ధాత కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, కరువు జనానికి పని చూపించి కూలి ఇచ్చారు. గంపలు మోస్తూ వాక్యం విన్నవాళ్లలో ఎందరో బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం కలిశారన్న అనుమానం ఎవరి మీదా పడకూడదని పదిహేను నెలలు ఆపారు. కరువు సడలి, పంచడానికి ఇక డబ్బు లేదని తేల్చి చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు, ఒక్కసారికి ఇద్దరు చొప్పున వంతులు వేసుకుని రోజంతా ఇచ్చారు. ఆ ఏడాది ముగిసేసరికి సంఖ్య తొమ్మిది వేలు దాటింది. ఆగినందువల్ల తగ్గలేదని గమనించండి.

ఇక మా అభ్యర్థనలు.

1. బియ్యం వరుసలో ప్రార్థన పెట్టకండి.

బస్తా చేతికిచ్చే ముందు "ఒక్క నిమిషం కళ్లు మూసుకోండి" అంటారు. చెడ్డ ఉద్దేశం ఉండకపోవచ్చు. కానీ ఆకలితో నిలబడ్డ మనిషికి ఆ నిమిషం అభ్యర్థనలా వినిపించదు, షరతులా వినిపిస్తుంది. ఎవరో ఫోన్లో తీస్తారు. సాయంత్రానికి అది పది గ్రూపుల్లో తిరుగుతుంది. మర్నాడు ఊరి పొలిమేరలో లారీ ఆపేస్తారు. నష్టపోయేది మీరు కాదు. ఆ ఊళ్లో పాలపొడి కోసం చూస్తున్న బాలింత, ఎప్పటినుంచో ఆ ఊళ్లోనే ఉంటున్న నాలుగు క్రైస్తవ కుటుంబాలు. లారీ వెళ్లిపోయాక ఆ కుటుంబాలు ఇరుగుపొరుగుకు ముఖం చూపించాలి కదా.

1994లో రెడ్‌క్రాస్, స్వచ్ఛంద సంస్థల ప్రవర్తనా నియమావళి వచ్చింది. సాయాన్ని మతపరమైన అభిప్రాయాన్ని ముందుకు నెట్టడానికి వాడకూడదని దాని మూడో సూత్రం. ఆ నియమావళి వెనుక నిలిచినవాటిలో కారితాస్ అనే కాథలిక్ సేవా సంస్థ, లూథరన్ ప్రపంచ సమాఖ్య, ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలి ఉన్నాయి. అంటే ఇది మన మీద బయటివాళ్లు రుద్దిన నియమం కాదు.

చేయాల్సింది కష్టమేమీ కాదు. టోకెన్లు ముందురోజు సాయంత్రమే ఇంటి నంబరు వారీగా పంచండి. పంచే ఇద్దరిలో ఒకరు సంఘానికి చెందని ఊరిమనిషి కావాలి, అంగన్‌వాడీ టీచరో డ్వాక్రా లీడరో. "విశ్వాసులకు ముందు" అన్న మాట వినిపించకూడదు. బ్యానర్ మీద సంస్థ పేరు చాలు. ఫొటో కావాలంటే బస్తాలది తీయండి, తీసుకునేవాళ్ల ముఖాలు వద్దు. ప్రార్థన కోరేవాళ్లకు వేరే చోట, వేరే పూట కూడిక పెట్టండి. బాప్తిస్మం అడిగినవాళ్లను, ఆ ఊళ్లో మీ సాయం ఆగిన రోజు నుంచి లెక్కపెట్టి ఆరు నెలలు ఆగమనండి. క్లౌ దొర పదిహేను నెలలు ఆపారు, మేము ఆరే అడుగుతున్నాం.

2. విపత్తును శిక్ష అనకండి.

"ఈ ఊరి పాపానికే ఈ ఉప్పెన" అన్న ప్రసంగాలు ఇంకా వినపడుతున్నాయి. తల్లిని పోగొట్టుకున్న పిల్లవాడు అదే చాప మీద కూర్చుని వింటుంటాడు. సిలోయములో గోపురం కూలి చచ్చిన 18 మంది మిగతావాళ్లకంటే పాపులేమీ కారని లూకా 13లో ప్రభువే చెప్పాడు. దానికి మించి మనకు తెలిసిందేముంది? యోబు స్నేహితులు కూడా మొదటి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నంతవరకు బాగానే ఉన్నారు. నోరు తెరిచాకే చెడగొట్టారు.

మొదటి వారం ప్రసంగాలు ఆపండి. "మంచి పువ్వును దేవుడు ముందే కోసుకున్నాడు", "ఇంకో బిడ్డనిస్తాడులే" లాంటి ఓదార్పులు మానమని వాలంటీర్లకు గట్టిగా చెప్పండి. వాటి బదులు మార్చురీ దగ్గర తోడుగా నిలబడటం, పోలీసు పంచనామా పూర్తయ్యేదాకా పక్కన ఉండటం, ఫోను చార్జింగ్ పెట్టించి బంధువులకు కబురు చేయడం ఉన్నాయి. రెండు వారాలు దాటినా నిద్రపట్టకపోయినా, తిండి మానేసినా, "నేనూ పోతే బాగుండు" అన్నా ప్రార్థన ఒక్కటే సరిపోదు. 14416 నంబరులో ఉండే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌కు ఫోన్ చేయించండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. స్వస్థత కూటాల్లో టీబీ, బీపీ, షుగరు, ఫిట్సు మందులు మాన్పించడం గురించి వేరే లేఖే రాయాలి. ఇక్కడ ఒక్కటే చెబుతాం: వరదలో మందులు కొట్టుకుపోయినవాళ్లకు ముందు కావాల్సింది అవే మందులు మళ్లీ చేతికి రావడం.

3. పేరు, కులం, కాగితం: బాప్తిస్మానికి ముందు ఈ మాట తప్పక చెప్పండి.

ఎవరూ పట్టించుకోని చోటు ఇదే, జనం ఎక్కువగా దెబ్బతినేదీ ఇక్కడే.

మొదటిది పేరు. ఆధార్‌లో నాగమ్మ. బాప్తిస్మం తీసుకున్నాక సంఘంలో మరియమ్మ. కొడుకు చనిపోతే మరణ ధృవీకరణలో తల్లి పేరు ఎవరో మరియమ్మ అని చెప్పి రాయించారు. పరిహారం కోసం వెళితే, తల్లి నాగమ్మ కదా, ఈ మరియమ్మ ఎవరంటారు. 2022-26 నాటి విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం ప్రాణనష్టానికి 4 లక్షలు. ఒక్క పేరు తేడాతో ఆ డబ్బు ఆగిపోతుంది. అఫిడవిట్లు, విచారణలు, మండలాఫీసుకు చార్జీలు పెట్టుకుని తిరుగుళ్లు. పేరు మార్చడం బాప్తిస్మంలో భాగం కాదని మీకూ తెలుసు. మార్చుకుంటామని వాళ్లే అడిగితే, పరిహారాలన్నీ చేతికొచ్చాక, గెజిట్, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా అన్నీ వరుసగా మార్పించే పూచీ సంఘం తీసుకోవాలి. లేదంటే పాత పేరుతోనే ప్రభువు పిలుస్తాడని చెప్పండి.

రెండోది కులం. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులు, 1956 నుంచి సిక్కులు, 1990 నుంచి బౌద్ధులు మాత్రమే ఎస్సీలు. క్రైస్తవులైన దళితులు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ కిందికి వస్తారు, వాళ్లకున్న రిజర్వేషన్ ఒక్క శాతం. మతం మారినవారికి ఎస్సీ రక్షణలు వర్తించవని 2025లో మన హైకోర్టు కూడా చెప్పింది. ఆ మూడో పేరా అన్యాయమని మేమూ అంటాం, దాని మీద పోరాటం సాగాలి. కానీ అది మారేదాకా, వరదలో సర్వం పోయిన మాల, మాదిగ కుటుంబానికి ఈ సంగతి చెప్పకుండా రిజిస్టర్లో సంతకం పెట్టించుకోవడం మోసమే. కొడుకు ఉద్యోగ దరఖాస్తు, దాడి జరిగితే పెట్టాల్సిన ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసు, ఎన్నికల్లో ఎస్సీ రిజర్వుడు సీటుకు నిలబడే హక్కు, ఇన్ని దాని మీద ఆధారపడి ఉన్నాయి. ఎస్టీలకు ఈ మత నిబంధన లేదు, అది కూడా స్పష్టంగా చెప్పండి. ఇదంతా విన్నాక కూడా "తెలిసే వస్తున్నా" అన్నవాళ్ల విశ్వాసం ముందు ఎవరైనా తలవంచాల్సిందే.

4. మీ ప్రార్థన మందిరం కొలతలు రాసి ఇవ్వండి.

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. 1990 మేలో కృష్ణా ముఖద్వారం దగ్గరే మరో భీకర తుపాను తీరం దాటితే మృతులు వెయ్యి లోపు. ముందు హెచ్చరిక, జనాన్ని తరలించడం, పక్కా షెల్టర్లు, ఈ మూడూ కలిసి తెచ్చిన తేడా అది. 1977 తర్వాత తీరంలో షెల్టర్లు కట్టించినవాటిలో కాసా లాంటి క్రైస్తవ సంస్థలూ ఉన్నాయి. ఆ తెలివి ఇప్పటి మందిరాల్లో కనిపించడం లేదు. ఊరూరా కడుతున్నవి ఎక్కువగా రేకుల షెడ్లు. గాలికి రేకు అంచు ఒక్కసారి లేచిందంటే హుక్కు బోల్టులు ఊడివస్తాయి, ఎగిరిన రేకు కత్తిలా తెగుతుంది. రేకుల మందిరాన్ని షెల్టర్‌గా తెరవకండి, ఎంత ప్రేమతోనైనా సరే. ఆ రాత్రి దాని పని మైకు. తీరం దాటడానికి ముందు పూట ఆ మైకులో కీర్తనలు ఆపి కలెక్టరేట్ హెచ్చరికలు చదవండి.

శ్లాబు మందిరమైతే లెక్క ఇదీ. రోజుల తరబడి ఉండాల్సి వస్తే మనిషికి 3.5 చదరపు మీటర్లు కావాలని సహాయ సంస్థల ప్రమాణం, అంటే సుమారు 38 చదరపు అడుగులు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న హాల్లో 47 మంది. "మూడొందల మంది పడతారు" అని గర్వంగా చెప్పేది ఆదివారం కూర్చునే లెక్క, పడుకునే లెక్క కాదు. నీళ్లు తలకు రోజుకు 15 లీటర్లు, అంటే 47 మందికి ఏడొందల లీటర్లు. మరుగుదొడ్లు మొదట్లో 50 మందికి ఒకటి, తర్వాత 20 మందికి ఒకటి. ఆడవాళ్లకు వేరుగా, లోపలి గడియతో, దారిలో లైటుతో. గడియ లేని దొడ్డికి వెళ్లలేక ఆడవాళ్లు పొద్దున్నించీ నీళ్లు తాగడం మానేస్తారు. షెల్టర్లలో మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు ఇదొక కారణం.

తాళం ఇద్దరి దగ్గర ఉండాలి. పాస్టరు గారు ఊరెళ్లారు కాబట్టి తలుపు తెరవలేదన్న మాట తుపాను రాత్రి ఎవరూ వినకూడదు. బొట్టు పెట్టుకున్నవాళ్లూ, టోపీ పెట్టుకున్నవాళ్లూ సంకోచం లేకుండా లోపలికి రావాలి. హాలు పొడవు, వెడల్పు, పైకప్పు రకం, దొడ్ల సంఖ్య, తాళం ఎవరి దగ్గరుందో ఒక కాగితం మీద రాసి గ్రామ సచివాలయానికీ తహసీల్దారుకూ ఇవ్వండి. రసీదు తీసుకోండి.

5. పాత బట్టలు పంపకండి. నీటి మీద దృష్టి పెట్టండి.

మూటలు విప్పితే చిరిగిన చొక్కాలు, బ్లౌజు లేని పట్టుచీరలు, ఒంటి చెప్పులు. రోడ్డు పక్కన తడిసి కుప్పలుగా కుళ్లుతాయి, వాటిని తీయించడానికి మళ్లీ మనుషుల్ని పెట్టాలి. కొత్త లుంగీ, కొత్త నైటీ, లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, దుప్పటి, దోమతెర పంపండి. నలుగురున్న ఇంటికి వారానికి బియ్యం, మనిషికి రోజుకు 400 గ్రాముల చొప్పున, 11 కిలోల పైచిలుకు. పప్పు, నూనె, ఉప్పు, కారం, చింతపండుతో పాటు అగ్గిపెట్టె మరవద్దు. పొయ్యి తడిసి ఉంటే మొదటి మూడు రోజులు బియ్యం ఎందుకూ పనికిరాదు, వండిన అన్నమే పంపాలి. సాంబారన్నం పొట్లాలు మధ్యాహ్నానికి పులుస్తాయి. పులిహోర సాయంత్రం దాకా నిలుస్తుంది.

మునిగిన బావిని ముందు తోడి పూడిక తీయాలి. తర్వాత నీటి లెక్క: వ్యాసం మీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే హెచ్చించి, లోతుతో హెచ్చించి, 785తో గుణిస్తే లీటర్లు. రెండు మీటర్ల వ్యాసం, మూడు మీటర్ల నీరు ఉంటే 9,420 లీటర్లు. తేటనీటికి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు, అంటే ఈ బావికి 24 గ్రాములు. బురదనీరైతే ఎక్కువే పడుతుంది. పౌడరు నేరుగా చల్లకూడదు. బకెట్లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి, పైనీళ్లు వేరే బకెట్లోకి ఒంపి, ఆ బకెట్‌ను బావిలోకి దించి పైకీ కిందికీ ఆడించాలి. అడుగున మిగిలిన సున్నం బావిలో వేయకండి. గంట ఆగి క్లోరోస్కోపుతో (నీటిలో క్లోరిన్ కొలిచే చిన్న పరికరం) చూస్తే 0.5 పీపీఎం, అంటే లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగలాలి, లేకపోతే మళ్లీ వేయాలి. మూత తెరిచి నెలలు గడిచిన బస్తాలో పౌడరుకు బలం ఉండదు. వాసన ఘాటుగా రాకపోతే అది ఒట్టి సున్నమే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీటిలో కలపాలని ప్రతి ఇంట్లో చేసి చూపించండి. గ్లాసులో కలిపి పసిపిల్లలకు పట్టించడం ఇంకా జరుగుతోంది.

6. నష్టం లెక్కల రోజుల్లో కూడిక వాయిదా వేసి, మీ చదువుకున్న యువకులను ఇళ్లకు పంపండి.

గోడ కూలిన మర్నాడే శుభ్రం చేసేస్తారు, నష్టం రాసుకునే ఎన్యుమరేషన్ బృందం వచ్చేసరికి చూపించడానికి ఏమీ మిగలదు. తుడవకముందే ఇంటి నంబరు, యజమాని కనపడేలా ఫొటోలు తీయించండి. అవే 2022-26 నిబంధనల్లో పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతంలో 1.20 లక్షలు, గుడిసెకు 8 వేలు. నీటివసతి ఉన్న పొలంలో పంట నష్టానికి హెక్టారుకు 17 వేలు. కౌలు రైతుకు సాగు హక్కు పత్రం లేకపోతే ఆ డబ్బు భూయజమాని ఖాతాలో పడుతుంది, మునిగిన చేలో నిలబడ్డవాడికి ఏమీ దక్కదు. ఆ పత్రాలు జూన్, జూలైల్లోనే తీసుకునేలా సంఘంలో ప్రకటన చేయండి. జాబితాలు సచివాలయంలో అంటించగానే ఫొటో తీసి, లేని పేర్లకు అక్కడికక్కడే అర్జీ పెట్టించండి. బ్యాంకులో ఆధార్ లింకు ఉన్నంత మాత్రాన డబ్బు పడదు. ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాలో పడాలో చెప్పే నమోదు) ఏ ఖాతాకు ఉందో చూడాలి. ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఖాతాలోకి డబ్బు వెళ్లి, రాలేదని ఏడ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

7. విదేశాల్లోని పెద్దలకు: పాస్టరు గారి సొంత ఖాతాకు పంపకండి.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారినవాళ్లు, ఓసీఐ కార్డుదార్లు, అక్కడి చర్చిలు పంపేది మాత్రం విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకు, ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ మరో సంస్థకు బదిలీ చేయకూడదు. తెలియక చేసిన ఒక్క బదిలీతో కేసు పడితే, ఆ జిల్లాలో అనాథ పిల్లల హాస్టలు దాకా మూతపడుతుంది.

8. మూడో వారం తర్వాత ఉండండి.

పదో రోజుకు లారీలు ఆగుతాయి. మూడో వారానికి కెమెరాలు ఉండవు. అప్పులవాళ్లు మొదలయ్యేది అప్పుడే, వలలు కొనడానికి డబ్బుండదు, పిల్లలు బడి మానతారు, సారా పెరుగుతుంది. కొత్తగా చర్చికి వచ్చినవాళ్లు చాలామంది ఈ దశలోనే నిశ్శబ్దంగా మానేస్తారు. వాళ్లకు విశ్వాసం పోయిందని ప్రసంగాల్లో అంటారు. పలకరించేవాళ్లు పోయారన్నది ఆ ఇంటివాళ్లు చెప్పే మాట.

ఒక్కో బాధిత కుటుంబానికి ఇద్దరు చొప్పున, ఒక ఆడమనిషి తప్పకుండా ఉండేలా, ఏడాది పాటు పేరు పెట్టి అప్పగించండి. మొదటి నెల వారానికోసారి, తర్వాత నెలకోసారి ఇంటికెళ్లాలి. పండుగ రోజుల్లో, వానాకాలం మొదటి పెద్ద గాలికి, సంవత్సరీకం నాడు తప్పక. మొదటి గాలివాన రాత్రి పిల్లలు నిద్రపోరు, ఆ రాత్రి ఫోన్ మోగాలి. వాళ్లు సంఘంలో చేరకపోయినా ఈ రాకపోకలు ఆగకూడదు. మీ స్త్రీల సమాజాలు ఇది చేయగలవు, నిజానికి ఊళ్లలో ఇప్పటికే ఇంతో అంతో చేస్తున్నది వాళ్లే. వాళ్లకు ఆటో చార్జీలు ఇవ్వండి. ఒక ఉజ్జీవ కూటం స్టేజీ ఖర్చుతో ఎన్ని ఊళ్లకు ఏడాది చార్జీలు వస్తాయో మీ కోశాధికారిని అడిగి చూడండి.

ఈ ఎనిమిదింటికీ విడివిడిగా అవును, కాదు అని రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. సెప్టెంబరు ఆఖరులోపు ఇవ్వండి, అక్టోబరులో మనకెవరికీ తీరిక ఉండదు. కాదన్నచోట కారణం రాయండి, కూర్చుని మాట్లాడదాం. నాలుగో అంశానికి మాత్రం మాటలు వద్దు. మందిరం కొలతలు, పైకప్పు రకం, తాళం ఉన్న ఇద్దరి పేర్లు రాసిన కాగితం, తహసీల్దారు కార్యాలయం రసీదుతో సహా పంపండి.

ఇట్లు,
తీర గ్రామాల్లో తుపాను సహాయ పనులు చూసే సంఘ వాలంటీర్లు